తొమ్మిది చుక్కలూ, ఎస్తేర్ ప్రశ్నా

మొన్న ఆదివారం బాల్కనీ కడుగుదామని బకెట్టు పట్టుకెళితే నేల మీద సుద్దముక్కతో పెట్టిన చుక్కలు కనిపించాయి. ముగ్గు చుక్కలైతే వరసలో ఉంటాయి కదా, ఇవి ఆవాలు ఒలికినట్టు ఎక్కడపడితే అక్కడున్నాయి. నీళ్ళు పోయబోతుంటే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి లోపల్నుంచి "అమ్మా, తుడిచెయ్యకు, మూడు రోజుల్నుంచీ దాని మీదే ఉన్నా" అని పరుగెత్తుకొచ్చింది.

"ఒక్క లెక్కకి మూడు రోజులా? ఈపాటికి సోషల్ అంతా అయిపోయేది" అన్నాను. అనకుండా ఉండాల్సింది. దాని మొహం చూశాక ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలీక, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక అసలు ఈ లెక్క ఎక్కడ పుట్టిందో చదువుతూ కూర్చున్నాను. లేచేసరికి సాయంత్రం టీ వేళ దాటిపోయింది.

ముందు లెక్క చెప్తాను, భయపడకండి. నేల మీద ఐదు చుక్కలు ఇష్టమొచ్చినట్టు పెట్టండి. ఏ మూడూ ఒకే గీత మీద ఉండకూడదు, షరతు అదొక్కటే. ఎలా పెట్టినా సరే, వాటిలో నాలుగు ఏరుకుని లోపలికి నొక్కు పడని చతుర్భుజం గీయొచ్చని చూపించాలి. స్కూలు పుస్తకాల్లో కుంభాకార చతుర్భుజం అనేవాళ్ళు, గుర్తుందా? నాలుగే చుక్కలుంటే ఇది కుదరకపోవచ్చు. మూడు మూలల్లో పెట్టి నాలుగోది మధ్యలో పెడితే ఎలా కలిపినా ఎక్కడో నొక్కు పడుతుంది. ఐదుంటే మాత్రం తప్పించుకోలేం.

ఎందుకో చూడండి. చుక్కల దగ్గర మేకులు కొట్టి, అన్నింటి చుట్టూ ఒక రబ్బరు బ్యాండు వేశామనుకుందాం. బ్యాండు నాలుగు మేకుల్నో ఐదింటినో తాకిందా, పని అయిపోయినట్టే. మూడింటినే తాకితే బయట త్రిభుజం, లోపల రెండు మేకులు మిగులుతాయి. ఆ లోపలి రెండింటి మీదుగా పొడుగ్గా ఓ గీత గీయండి. త్రిభుజం మూలల్లో రెండు ఆ గీతకి ఒకవైపు పడతాయి, ఒకటి అవతల పడుతుంది. ఒకవైపున్న రెండు మూలలూ, లోపలి రెండు మేకులూ కలిపితే మనక్కావలసిన చతుర్భుజం వచ్చేస్తుంది. అంతే! నేను పోపు పెడుతూ ఆలోచించినా అర్థమైంది కాబట్టి ఎవరికైనా అవుతుంది.

ఈ ప్రశ్న వేసింది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి. పేరు ఎస్తేర్ క్లైన్. ఊరు హంగరీలో బుడాపెస్ట్. 1932-33 చలికాలం.

హైస్కూలు పిల్లలకి లెక్కల పోటీ అనేది మన కోచింగ్ సెంటర్లు కనిపెట్టిందని అనుకునేదాన్ని. కాదట. 1894లో ఎట్వోష్ అనే భౌతిక శాస్త్రవేత్త హంగరీకి విద్యామంత్రి అయితే, ఆ గౌరవార్థం అక్కడి గణిత, భౌతిక శాస్త్ర సంఘం వాళ్ళు హైస్కూలు చదువు ముగించిన పిల్లలకి ఒక పోటీ మొదలుపెట్టారు. మూడే మూడు లెక్కలు. పుస్తకాలు, నోట్సులు దగ్గర పెట్టుకోవచ్చు! మా అమ్మాయికి చెప్తే నమ్మలేదు. పుస్తకంలో చూసి రాయడానికి దొరికే లెక్కలైతే కదా, అందుకని ఇబ్బంది లేదన్నమాట.

అదే సంవత్సరం జ్యోర్ అనే ఊళ్ళో దానియెల్ అరాన్య అనే లెక్కల మాస్టారు హైస్కూలు పిల్లల కోసం ఒక పత్రిక పెట్టాడు. ముద్దుగా కోమల్ అంటారు. మన పక్కింటి పిల్ల పేరులా లేదూ? నెలనెలా అందులో లెక్కలిచ్చేవాళ్ళు. పిల్లలు ఇంట్లో కూర్చుని తీరిగ్గా ఆలోచించి, జవాబు పోస్టులో పంపేవాళ్ళు. బాగా చేసినవాళ్ళ ఫొటోలు పత్రికలో వేసేవాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధంతో ఆగిపోయి, 1925లో మళ్ళీ మొదలైంది. ఎస్తేర్ తరం పిల్లలు ఒకరినొకరు కలవక ముందే ఆ ఫొటోల్లో మొహాలు గుర్తుపట్టేవాళ్ళట.

ఆ పత్రికతో పెరిగిన పిల్లలే పెద్దయ్యాక బుడాపెస్ట్ సిటీ పార్కులో, అనోనిమస్ అనే పాతకాలపు చరిత్రకారుడి విగ్రహం దగ్గర కలుసుకునేవాళ్ళు. ఎస్తేర్, ఆమె స్నేహితురాలు మార్తా, జార్జ్ సెకెరెష్, పాల్ ఎర్డోష్, ఇంకొందరు. చాలామంది యూదులు. విశ్వవిద్యాలయాల్లో యూదు విద్యార్థులకి ఇన్ని సీట్లే అని 1920లోనే చట్టం వచ్చింది, చదివినా ఉద్యోగాలు అంతంతమాత్రం. ఫీజు లేదు, మార్కుల్లేవు, ర్యాంకు లేదు. ఒకళ్ళకొకళ్ళు లెక్కలు వేసుకోవడమే.

ఎర్డోష్ వాళ్ళమ్మ గురించి చదివి కాసేపు ఆగిపోయాను. 1913లో ఆవిడ పురిటికి ఆసుపత్రిలో ఉండగా, ఇంట్లో ఇద్దరు చిన్న కూతుళ్ళూ స్కార్లెట్ ఫీవర్‌తో పోయారు. చేతికొచ్చిన ఆ ఒక్క కొడుకునీ ఏ జబ్బు తగులుతుందోనని చాలాకాలం బడికి పంపకుండా ఇంట్లోనే ఉంచుకుంది. భార్యాభర్తలిద్దరూ లెక్కల టీచర్లు కాబట్టి చదువు ఆగలేదు. ఆవిణ్ణి అతిజాగ్రత్త మనిషి అని రాసేవాళ్ళని చూస్తే నాకు కోపమొస్తుంది.

సరే, ఎస్తేర్ దగ్గరికొద్దాం. గాటింగెన్‌లో కొన్నాళ్ళు చదివొచ్చి, ఆ ఐదు చుక్కల ప్రశ్న స్నేహితుల ముందు పెట్టింది. జవాబు తనకి తెలుసు. తర్వాత అసలు ప్రశ్న వేసింది. పంచభుజికి ఎన్ని చుక్కలు కావాలి? షడ్భుజికి? ఎన్ని భుజాలడిగినా, సరిపడా చుక్కలుంటే తప్పక దొరుకుతుందా? పంచభుజికి తొమ్మిదని తేలింది. అన్నింటికీ వర్తించే జవాబు కోసం జార్జ్ వారాల తరబడి కూర్చుని సాధించాడు. అడిగింది ఎస్తేర్ కాబట్టే అందరికంటే ముందు చెయ్యాలని అంత పట్టుదల వచ్చిందని పెద్దయ్యాక తనే రాసుకున్నాడు. 1937లో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. ఎర్డోష్ దీనికి 'హ్యాపీ ఎండ్' లెక్క అని పేరు పెట్టాడు.

అందరూ ముచ్చటపడే కథే. నేనూ ముచ్చటపడ్డాను. కానీ 1935లో అచ్చైన వ్యాసం మీద ఎర్డోష్, సెకెరెష్ అని ఇద్దరి పేర్లే ఉన్నాయి. ఈ సమస్యని మిస్ ఎస్తేర్ క్లైన్ సూచించారని లోపల ఒక మాట. సిద్ధాంతం ఇప్పటికీ ఆ ఇద్దరి పేర్లతోనే చెలామణి అవుతోంది. నిరూపించింది వాళ్ళే కాబట్టి అన్యాయం అనలేను. అయినా ప్రశ్న అడిగిన మనిషి పెళ్ళి లెక్కకి పేరైంది గానీ, ఆ మనిషి పేరు కాలేదు. అందరం తిని బావుందన్నాక, ఇవాళ ఇది చేద్దామని అనుకున్నదెవరో ఎవరికీ గుర్తుండదు చూడండి, అలా అనిపించింది.

హ్యాపీ ఎండ్ కూడా అంత తేలిగ్గా రాలేదు. 1939లో ఇద్దరూ షాంఘై పారిపోయారు. కొడుకు అక్కడే పుట్టాడు. జపాన్ ఆక్రమణ, యుద్ధం, లేమి అన్నీ అక్కడే గడిచాయి. 1948లో జార్జ్‌కి ఆస్ట్రేలియాలో, అడిలైడ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగమొచ్చింది. పార్కులో కూర్చునే మార్తా అప్పటికే అక్కడుంది. రెండు కుటుంబాలూ ఒక చిన్న ఫ్లాటులో సర్దుకున్నాయి. ఒకే వంటిల్లు రెండు కాపురాలకి ఎలా సరిపోయిందో లెక్కల చరిత్ర రాసేవాళ్ళు రాయరు, నాకేమో తెలుసుకోవాలనే ఉంది.

1959లో రొమేనియాలో ఏడు దేశాలతో అంతర్జాతీయ ఒలింపియాడ్ మొదలైంది, 1989 నుంచి మన పిల్లలూ వెళుతున్నారు. ఇదంతా మీకు తెలిసిందే. ఎస్తేర్ మాత్రం సిడ్నీకి మారాక మెక్వారీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది, ఉద్యోగం తర్వాత కూడా హైస్కూలు పిల్లల్ని వారంవారం కూర్చోబెట్టి లెక్కలు వేసేది. డెబ్భై ఏళ్ళు దాటాక! బుడాపెస్ట్ పార్కుని ఆస్ట్రేలియాలో పెట్టుకుందన్నమాట.

2005 ఆగస్టు 28న అడిలైడ్‌లో ఇద్దరూ గంట తేడాలో వెళ్ళిపోయారు. షడ్భుజికి 17 చుక్కలు చాలని జార్జ్ ఇంకొకరితో కలిసి కంప్యూటర్ మీద తేల్చిన వ్యాసం ఆ మరుసటి ఏడాది అచ్చైంది. ఏడు భుజాలకి 33 అని అందరి అంచనా. నిరూపణ ఇంకా ఎవరికీ దొరకలేదు.

ఇదంతా రాత్రి మా అమ్మాయికి చెప్పాను. ఎస్తేర్ కథ శ్రద్ధగా విని, "అయితే ఆవిడకీ మార్కులు రాలేదన్నమాట" అంది. తర్వాత ఇద్దరం టార్చి పట్టుకుని బాల్కనీలో కూర్చున్నాం. తొమ్మిది చుక్కల్లో ఒకటి చెరిపేసి, మిగిలిన ఎనిమిదినీ పంచభుజి దొరకకుండా పెట్టొచ్చట. ఎక్కడ పెట్టినా మాకైతే ఇంకా దొరుకుతూనే ఉంది. మీ గుమ్మం ముందు చోటుంటే మీరూ పెట్టి చూడండి. మా బాల్కనీ ఈ వారం కడగలేదు.