మెడ నిలబెట్టిన అక్షరం: ఇంగ్లండు శిక్షల చరిత్రలో ఒక ముచ్చట

మనువు కులాన్ని బట్టి శిక్ష వేస్తే, ఇంగ్లీషువాడి చట్టం వచ్చి అందర్నీ ఒక్క గాటన కట్టిందని మన సభల్లో తరచూ వినపడే మాట. అందులో నిజం లేకపోలేదు. 1862లో అమల్లోకొచ్చిన ఇండియన్ పీనల్ కోడ్ హంతకుణ్ణి నీ కులమేంటని అడగలేదు. అయితే ఆ ఇంగ్లీషువాడు తన సొంత గడ్డ మీద, తన సొంత కూలి జనాన్ని ఎట్లా శిక్షించాడో చూడకుండా ఈ లెక్క తేలదని మేం అనుకుంటున్నాం.

నాటక రచయిత బెన్ జాన్సన్ 1598లో గేబ్రియల్ స్పెన్సర్ అనే నటుణ్ణి కత్తితో పొడిచి చంపాడు. నేరం ఒప్పుకున్నాడు. ఉరి పడాల్సినవాడే. కానీ తనకు చదువొచ్చని రుజువు చేసుకున్నాడు. బొటనవేలి మీద వాత వేసి వదిలేశారు. అదే పని అక్షరం ముక్క రాని బండివాడు చేసుంటే ఊరి జనమంతా చూస్తుండగా వేలాడేవాడు.

ఇదేం న్యాయమని అడిగితే కథ 12వ శతాబ్దం దాకా పోతుంది. మతగురువు నేరం చేస్తే విచారించేది రాజు కోర్టా, చర్చి కోర్టా అని రెండో హెన్రీ రాజుకీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌కీ తగువొచ్చింది. 1170లో రాజు మనుషులు బెకెట్‌ని చర్చిలోనే నరికేశారు. ఆ గొడవ తర్వాత రాజు తగ్గక తప్పలేదు. చర్చి కోర్టు ప్రాణం తీయదు. మరి ఎదుట నిలబడ్డవాడు మతగురువో కాదో తేల్చేదెట్లా? ఆ రోజుల్లో చదువు దాదాపుగా చర్చి సొత్తే కాబట్టి, చదవగలిగినవాణ్ణి మతగురువు కింద లెక్కగట్టారు. రానురాను చర్చితో ఏ సంబంధమూ లేని వర్తకుడూ, గుమాస్తా కూడా చదివి బయటపడ్డారు. చదవమని సాధారణంగా ఇచ్చేది బైబిల్లో 51వ కీర్తన మొదటి వాక్యం. జనం దానికి మెడ వాక్యం అని పేరు పెట్టారు. చదువురానివాళ్ళు కొందరు దాన్ని బట్టీపట్టి, పుస్తకం వంక చూస్తూ అప్పజెప్పి మెడ దక్కించుకున్నారు. 1489లో చేసిన చట్టంతో మామూలు మనుషులకి ఈ రాయితీ ఒక్కసారికే పరిమితమైంది. మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికే ఆ వాత. హంతకుడికి ఎమ్ అక్షరం, దొంగకి టి.

ఆడవాళ్ళు మతగురువులు కాలేరు కాబట్టి వాళ్ళకి చాలాకాలం ఈ రాయితీయే లేదు. 1624లో పది షిల్లింగుల లోపు దొంగతనాలకి కాస్త సడలించారు. మగవాళ్ళతో సమానంగా దక్కడానికి ఇంకో డెబ్బై ఏళ్ళు దగ్గర దగ్గర పట్టింది. ప్రభువుల సంగతి వేరు. 1547 చట్టం ప్రకారం ప్రభువు మొదటిసారి నేరం చేస్తే చదవక్కర్లేదు, వాతా అక్కర్లేదు. 1776లో కింగ్‌స్టన్ డచెస్ ఎలిజబెత్ చడ్లీ, మొదటి భర్త బతికుండగానే రెండో పెళ్ళి చేసుకుందని ప్రభువుల సభ తీర్పు చెప్పింది. ప్రభువుల హక్కు చూపించి ఆమె వాత లేకుండానే నడిచిపోయింది.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో బ్రాహ్మడికి మరణశిక్షకు బదులు తల గొరిగితే చాలన్న సంగతి మన పాఠకులకు తెలుసు. రెంటికీ పోలికుంది, తేడా కూడా ఉంది. ఇంగ్లండులో కూలివాడు అక్షరం నేర్చుకుంటే మెడ దక్కేది. ఇక్కడ వేదం చెవినపడితే చాలు, శూద్రుడి చెవుల్లో లోహమూ లక్కా కరిగించి పొయ్యమన్నాడు గౌతముడు. అతిశూద్రుల ఊసు చెప్పేదేముంది! వేలిముద్ర ఇళ్ళలోంచి సంతకం దాకా వచ్చిన మా తరానికి ఈ తేడా చిన్నదిగా కనపడదు.

1706లో ఇంగ్లండులో చదువు పరీక్షే ఎత్తేశారు. అక్షరం రానివాడికీ రాయితీ వచ్చింది. సంబరపడాల్సిందే. కానీ అటూ ఇటూ అవే ఏళ్ళలో పార్లమెంటు ఏం చేసిందో చూడండి. 1699లో దుకాణంలో అయిదు షిల్లింగుల సరుకు దొంగిలిస్తే ఈ రాయితీ లేదంది. 1713లో ఇంట్లో నలభై షిల్లింగుల దొంగతనానికి లేదంది. 1723 బ్లాక్ యాక్ట్‌తో, మొహానికి మసి పూసుకుని అడవిలో జింకల వేటకి పోయినవాడికీ, తోటలో చెట్లు నరికినవాడికీ ఉరే. ప్రభువుల వేట అడవులకి కంచెలు పడ్డ చోట, తరతరాలుగా కట్టెలకీ మేతకీ పోయిన జనం మీద ఈ చట్టం పడిందని ఇ.పి.థాంప్సన్ 1975లో విప్పి చూపాడు. 1688 నాటికి ఉరి పడే నేరాలు 50 దాకా ఉంటే 1820 నాటికి 200 దాటాయి. తలుపు అందరికీ తీసిన రోజుల్లోనే లోపలి గదులకి తాళాలు బిగించుకుంటూ పోయారు. రిజర్వేషన్ చేతికందే వేళకి ప్రభుత్వరంగ సంస్థల్ని అమ్మకానికి పెట్టడం చూసినవాళ్ళకి ఈ ఎత్తు కొత్తేం కాదు.

ఉరి వేయలేక జ్యూరీలే కొన్నిసార్లు సరుకు ధరను 39 షిల్లింగులుగా తేల్చి ప్రాణం నిలబెట్టేవి. అట్లా మిగిలిన వేలమందిని 1718 చట్టం నాటి నుంచి అమెరికాకి, 1787 నుంచి ఆస్ట్రేలియాకి ఓడలెక్కించారు. చదువు పేరిట మొదలైన రాయితీని 1827లో రద్దు చేశారు. ప్రభువులకి మాత్రం అది 1841 దాకా నిలిచింది.

ఇక కాళ్ళ సంగతి. 1348-49లో ప్లేగు వచ్చి ఇంగ్లండులో కూలి జనం తెగ చచ్చిపోయారు. మిగిలినవాళ్ళు కూలి పెంచమన్నారు. 1351లో పార్లమెంటు, ప్లేగుకి ముందున్న కూలికే పని చెయ్యాలని చట్టం చేసి, కాదన్నవాణ్ణి వెయ్యడానికి ఊరూరా బొండకొయ్యలు పెట్టమంది. చిల్లుల్లో కాళ్ళు ఇరికించి నలుగురిలో కూర్చోబెట్టే చెక్క అది. నొప్పి కన్నా నగుబాటు ఎక్కువ.

ఈ బొండకొయ్య శిక్ష కంపెనీ చట్టంలోకీ ఎక్కింది. 1816లో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం చేసిన పదకొండో రెగ్యులేషన్, తిట్టుకోవడం, చెయ్యి చేసుకోవడం లాంటి చిన్న గొడవలకి శిక్ష వేసే అధికారం గ్రామాధికారికి ఇచ్చింది. మామూలువాళ్ళయితే పన్నెండు గంటలు మించకుండా చావడిలో ఉంచాలి. తక్కువ కులాలవాళ్ళయితే, అంత అవమానకరమైన శిక్ష వాళ్ళకి తగనిది కాదు కాబట్టి, ఆరు గంటల దాకా బొండలో వెయ్యొచ్చు. కోస్తా, సీమ జిల్లాల్లో ఆ గ్రామాధికారి ఎవరో, బొండలో కాళ్ళు ఎవరివో మాల మాదిగ వాడల్లో విడమర్చి చెప్పనక్కర్లేదు. అదే కంపెనీ, కాశీ ప్రాంతంలో బ్రాహ్మలకి ఉరి వెయ్యరాదని 1795లో రాసుకున్న రెగ్యులేషన్‌ను 1817 దాకా ఎత్తెయ్యలేదు. కాబట్టి 1816లో ఒకే కంపెనీ ఏలుబడిలో కాశీ బ్రాహ్మడి మెడకీ, మద్రాసు ప్రెసిడెన్సీ అంటరానివాడి కాళ్ళకీ వేరువేరు చట్టాలు కాగితం మీదే ఉన్నాయి.