బంగారు దీవులకు దారి వేసిన చుక్క

‘బంగారు దీవులు’ అనే సముద్రం బొమ్మ కథ ఒక అద్దకాల కార్ఖానాలో మొదలైంది. పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో 1824లో అద్దకాల పెద్దగా చేరిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కి నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదు అందింది. పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. పక్కన నేసిన దారాల రంగులే ఆ నలుపును చంపుతున్నాయి. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయన్న ఈ సంగతిని ఆయన 1839లో పుస్తకంగా వేశాడు.

ఆ సూత్రాన్ని పట్టుకుని 1880లలో చిత్రకారుడు జార్జ్ సెరా రంగుల్ని పళ్లెంలో కలపకుండా కాన్వాసు మీద విడివిడి చుక్కలుగా పెట్టాడు. కాస్త దూరం జరిగి చూస్తే కన్నే వాటిని కలుపుకుంటుంది.

1884లో సెరాతో పాటు స్వతంత్ర చిత్రకారుల సంఘాన్ని స్థాపించినవాళ్లలో హెన్రీ ఎడ్మండ్ క్రాస్ ఒకడు. అసలు ఇంటిపేరు దెలాక్రా. ఆ పేరుతో అప్పటికే ఓ మహా చిత్రకారుడు ఉండటంతో మార్చుకున్నాడు. ఏడేళ్లు సెరా పక్కనే ఉన్నా చుక్క జోలికి పోలేదు. 1891 మార్చిలో, 31 ఏళ్లకే సెరా పోయాడు. క్రాస్ చుక్క పట్టింది ఆ ఏడాదే. కీళ్లనొప్పులు పీడిస్తుంటే పారిస్ వదిలి మధ్యధరా తీరంలోని కబాసోన్ చేరిందీ అప్పుడే.

అక్కడ 1891-92లో గీసిందే ‘బంగారు దీవులు’. ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. ఇప్పుడు పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. పడవ లేదు, మనిషి లేడు. కింద ఇసుక, ఆపైన నీళ్లు, దూరాన ఇయేర్ దీవులు, ఆకాశం: అన్నీ అడ్డపట్టీలే. ఇసుకలో చుక్కలు పెద్దవి, ఎడంగా ఉంటాయి. దీవుల వైపు పోయేకొద్దీ చిన్నవై దగ్గరపడతాయి. గీత ఒక్కటీ లేకుండా, చుక్క పరిమాణంతోనే దూరాన్ని చూపించాడు.

తర్వాత్తర్వాత ఆ చుక్కలు వెడల్పాటి పలకల్లా మారాయి. 1904 వేసవిలో అదే తీరంలోని సాన్ ట్రోపేకి వచ్చిన చిత్రకారుడు మాటీస్, చుక్కలతోనే గీసే సిన్యాక్‌తోనూ క్రాస్‌తోనూ గడిపాడు. మరుసటి ఏడాదే మాటీస్ బృందం వేసిన మండే రంగులు పారిస్‌ను గగ్గోలెత్తించాయి.

కీళ్లనొప్పులకు కంటి జబ్బు తోడై క్రాస్ ఎక్కువ గీయలేకపోయాడు. 1910లో కేన్సర్‌తో కన్నుమూశాడు. చిత్రకళ చరిత్ర చెప్పేవాళ్లు సెరా నుంచి మాటీస్‌కి ఒక్క గంతేస్తారు. కానీ కంటి లెక్క ప్రకారం పెట్టిన చుక్కకు, రంగు కోసమే రంగు వేసే స్వేచ్ఛ ఇచ్చినవాడు క్రాస్. మాటీస్‌కు అక్కరకొచ్చింది ఆ స్వేచ్ఛే.