ఊడిన పన్ను స్థానంలో: అర్ఫజా ముక్కు నుండి టైటానియం వరకు

నెల్లూరు తీరంలో చవుడు నీళ్ళు, పడమటి మెట్టకు పోతే ఫ్లోరైడు నీళ్ళు. మన దేశంలో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు మొట్టమొదట గుర్తించింది ఈ జిల్లాలోనే. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో దానిని ప్రకటించారు. అంతకు కొన్నేళ్ళ ముందే దుక్కిటెద్దులు కాళ్ళు పట్టేసి నడవలేకపోవడం రైతులు గమనించారు. ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉండిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. హద్దులు మారినంత మాత్రాన గారపళ్ళు మారలేదు. ఆ నీళ్ళతో పెరిగిన వారిలో వ్యాధి ముదిరితే పళ్ళు గుంటలు పడి పెచ్చులూడతాయి.

పన్ను పోతే మరొకటి పెట్టించుకోవచ్చునా? పెట్టించుకుంటే గుస్ల్ నెరవేరుతుందా? ఈ సందేహం కొత్తది కాదు.

అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ముక్కు అజ్ఞాన కాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో తెగిపోయింది. ఆయన వెండి ముక్కు పెట్టించుకున్నారు. అది దుర్వాసన వేయసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకొమ్మన్నారు. అబూదావూద్, తిర్మిజీ, నసాయీ గ్రంథాలలో ఈ హదీసు ఉన్నది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా ఇక్కడ అవసరం దారి చూపింది. పూర్వ పండితులు పలువురు పళ్ళను బంగారంతో కట్టించుకున్నారనీ, వారికి ఈ హదీసే ఆధారమనీ ఇమామ్ తిర్మిజీ రాశారు.

హనఫీ ఫుఖహాల చర్చ ఇంకా లోతుగా పోయింది. కదిలే పంటిని వెండితోనే కట్టాలని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. బంగారమూ తప్పు కాదని ఆయన శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ అన్నారు. ఊడిన పన్ను సంగతి మరీ ఆసక్తికరం. మృతుని పన్ను తెచ్చి పెట్టుకోవడం మక్రూహ్ అనడంలో భేదం లేదు. తన పన్నునే తిరిగి పెట్టుకోవడం కూడా అబూ హనీఫా దృష్టిలో మక్రూహే. జిబహ్ చేసిన గొర్రె పన్ను వాడుకోమన్నారు. తన పన్ను తనకు ఏమి దోషమని అబూ యూసుఫ్ వేరుగా తీర్పు చెప్పారు. 1191లో మరణించిన అల్లామా కాసానీ తన 'బదాయిఉస్ సనాయి'లో ఇదంతా నమోదు చేశారు. ఊరకే ఊహించిన సమస్యల మీద ఇంత వివరంగా వాదించుకుంటారా? పళ్ళు కట్టించుకునే జనం వారి కళ్ళ ఎదుట ఉండి ఉండాలి.

శస్త్రవైద్యంలో దీనికి సాక్ష్యం అందులుసియా నుండి దొరుకుతుంది. కొర్డోబా దాపున ఉండిన మదీనతుజ్ జహ్రాకు చెందిన అబుల్ ఖాసిం జహ్రావీ 1013 ప్రాంతంలో మరణించారు. ఆయన 'అత్తస్రీఫ్' గ్రంథంలోని ముప్పయ్యవ భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టమన్నారాయన. వెండి కొన్నాళ్ళకు చెడిపోతుంది, బంగారం చెడదు. అర్ఫజా (రజి) అనుభవం కూడా అదే కదా! ఊడిన పన్నును గుంటలో తిరిగి పెట్టి పక్క పళ్ళకు కట్టవచ్చు, లేదా ఎద్దు ఎముకను పన్నులా చెక్కి అమర్చవచ్చు. పన్నెండవ శతాబ్దంలో టొలీడోలో క్రెమోనా గెరార్డు ఆ భాగాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. ఐరోపా శస్త్రవైద్యులు శతాబ్దాల తరబడి దానినే చదివారు.

కాని ఆ పన్ను నిలిచింది తీగ బలం మీద. చెక్కిన ఎముక దవడలో కలిసిపోదు. ఆ కొరత తీరడానికి తొమ్మిది వందల ఏళ్ళకు పైగా పట్టింది. స్వీడన్ పరిశోధకుడు బ్రోనెమార్క్ 1952లో కుందేలు కాలి ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోతే అది రాలేదు. ఎముక దానిని పట్టేసుకున్నది. 1965లో ఆయన గోథెన్‌బర్గ్‌లో ఒక రోగి దవడలో టైటానియం మరలు బిగించారు. ఎముక వాటిని పట్టుకునే దాకా నెలల తరబడి ఆగి, ఆ తర్వాతనే పళ్ళు అమర్చారు. ఇంప్లాంటు అంటున్నది దీనినే. టైటానియం బంగారమూ కాదు, వెండీ కాదు గనుక ఇమాముల నాటి లోహభేదం దీనికి అడ్డురాదు. దాని ఖనిజాలు మన భీమునిపట్నం, కళింగపట్నం ఇసుకలోనే ఉన్నాయి.

ఇక గుస్ల్ సంగతి. హనఫీ మజ్‌హబ్‌లో గుస్ల్‌కు నోరు పుక్కిలించడం ఫర్జ్. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళ కింద నీరు చేరకుంటే వాటిని తీసి పుక్కిలించాలి. ఎముకలో బిగిసిన పన్నును తీయడమంటే దవడను గాయపరచడమే. అందుచేత నేటి ముఫ్తీలు దానిని శరీర భాగంగానే లెక్కిస్తున్నారు. పైన నీరు పారితే చాలు. షాఫియీల వద్ద పుక్కిలించడం సున్నత్ గనుక ఈ చిక్కే లేదు.