రిపోర్టు నుంచి రివ్యూ దాకా: హైదరాబాద్ లా జర్నళ్ల కథ

కాచిగూడ స్టేషన్‌లో దిగినవాళ్లకు బర్కత్‌పురా పెద్ద దూరమేమీ కాదు, ఆటో ఎక్కాలా వద్దా అని ఆలోచించుకునేంత దగ్గర. 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తొలి రోజుల్లో దాని చిరునామా ఆ బర్కత్‌పురాయే. తర్వాత ఊరవతల షామీర్‌పేటలో జస్టిస్ సిటీ కట్టుకుని అక్కడికి మారింది. నల్సార్ లా రివ్యూ, ఇండియన్ జర్నల్ ఆఫ్ కాన్‌స్టిట్యూషనల్ లా ఆ విశ్వవిద్యాలయం పేరు మీద వెలువడే పత్రికలు. ఢిల్లీలోనూ లండన్‌లోనూ వీటిని చదివే పరిశోధకులున్నారు. నాంపల్లి క్రిమినల్ కోర్టుల ఆవరణలో బెయిలు పిటిషన్ చేతపట్టుకుని పరుగెత్తే వకీలు మాత్రం వాటిని తెరిచే సందర్భం అరుదు. ఆయన బీరువాలో ఉండేవి వేరు: ఆంధ్రా లా టైమ్స్, ఏఎల్‌డీ, ఏఐఆర్. వాటినీ ఆయన జర్నళ్లనే అంటాడు.

పేరు ఒకటే అయినా వంశాలు రెండు. వకీలు జర్నల్ కోర్టు ఏమన్నదో అచ్చువేస్తుంది. పైన కేసు పేరు, కింద సన్నటి అక్షరాల్లో హెడ్‌నోట్, ఇరుపక్షాల న్యాయవాదుల పేర్లు, ఆ తర్వాత పేరాల అంకెలతో తీర్పు. హెడ్‌నోట్ చదివి పనికొస్తుందనుకుంటే పేజీలో చీటీ పెట్టి జడ్జిగారి ముందుంచుతారు. విశ్వవిద్యాలయం జర్నల్ పని మరొకటి. కోర్టు అన్నది సబబేనా, నిన్నటి తీర్పుకీ నేటి తీర్పుకీ పొంతన ఉందా, చట్టం రాసినవాళ్లు ఏం మరిచిపోయారు అని అది నిలదీస్తుంది. అందులో ఒక్కో పేజీలో పైన నాలుగు వరుసల వ్యాసం, కింద ముప్పై వరుసల ఫుట్‌నోట్లు కనిపించడం మామూలే. హైదరాబాద్‌లో మొదటి వంశం ముందు పుట్టి బలంగా పెరిగింది. రెండోది ఆలస్యంగా వచ్చింది, ఇంకా కుదురుకుంటూనే ఉంది.

మొదటి వంశమైన తీర్పుల రిపోర్టుల సంగతి మద్రాసు నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే కోస్తా, రాయలసీమ వకీళ్లకు హైకోర్టు అక్కడే ఉండేది. 1875లో ఇండియన్ లా రిపోర్ట్స్ చట్టం వచ్చింది. 1876 నుంచి ప్రభుత్వమే తీర్పుల సంపుటాలు అచ్చువేయడం మొదలుపెట్టింది. పై కోర్టు తీర్పు కింది కోర్టుకు శిరోధార్యమన్న పద్ధతిలో, తీర్పు చేతికందకపోతే వాదనే లేదు. సర్కారు సంపుటాలు నింపాదిగా వచ్చేవి, కక్షిదారుల వాయిదాలు ఆగేవి కావు. ఆ సందులోనే ప్రైవేటు రిపోర్టర్లు పుట్టుకొచ్చాయి.

వాటిలో పెద్దది మద్రాస్ లా జర్నల్. 1888 నుంచి మైలాపూరులో శనివారం శనివారం కొందరు వకీళ్లు కలిసి చట్టం గురించి చర్చించుకునేవాళ్లు. ఆ సాటర్‌డే క్లబ్ మాటలే 1891లో పత్రికగా మారాయి. పి.ఆర్. సుందరయ్యర్, వి. కృష్ణస్వామి అయ్యర్ లాంటివాళ్లు దాని వెనక ఉన్నారు. తీర్పులు అచ్చువేయడంతో సరిపెట్టుకోకుండా వాటి మీద వ్యాసాలూ విమర్శలూ వేయడం దాని ప్రత్యేకత. రోజూ ఏ న్యాయమూర్తి ముందు నిలబడి వాదించాలో ఆయన తీర్పులో లోపం ఎత్తిచూపడానికి కొంత గుండె నిబ్బరం ఉండాలి. ఈ రంగంలో తెలుగువాళ్ల చేయీ ఉంది. ఇంగ్లండులో బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టిన టంగుటూరి ప్రకాశం లా టైమ్స్ అనే న్యాయ పత్రికకు సంపాదకత్వం వహించారు. స్వరాజ్య దినపత్రిక పెట్టిన ప్రకాశం అందరికీ తెలుసు, లా పత్రిక నడిపిన ప్రకాశం అంతగా తెలియదు.

నిజాం రాజ్యంలో దారి వేరు. అక్కడ కోర్టు భాష మొదట ఫార్సీ, 1884 నుంచి ఉర్దూ. హైదరాబాద్‌లో 1899 నుంచే న్యాయశాస్త్ర తరగతులు నడిచాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు తరగతులు అబిడ్స్‌కు కూతవేటు దూరంలోని గన్‌ఫౌండ్రీ భవనాల్లో జరిగేవి. 1917లో నెలకొల్పిన దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం మిగతా శాస్త్రాలతోపాటు న్యాయ గ్రంథాలనూ ఉర్దూలోకి తెచ్చింది. అప్పట్లో ఈ దేశంలో విశ్వవిద్యాలయ స్థాయి చదువు దేశభాషలో చెప్పడం సాహసమే. తీర్పులూ ఉర్దూలోనే. దక్కన్ లా రిపోర్ట్ సంపుటాలను 1950లలో కూడా హైదరాబాద్ హైకోర్టు ఉటంకించింది. అయితే కోర్టు మెట్లెక్కే రైతుల్లో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటరులో జరిగిన సంఘ సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకట రామారావును సభికులు గేలి చేసి కూర్చోబెట్టారు. ఆయన వృత్తి వకాలతే. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. దాన్ని ముందుండి నడిపిన మాడపాటి హనుమంతరావు, గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి, ఇద్దరూ న్యాయం చదువుకున్నవాళ్లే.

ఈ ఊళ్లో న్యాయశాస్త్రం మీద విద్వత్ వ్యాసాలు మొదట లా జర్నల్ అనే పేరున్న చోట కాక ఇస్లామిక్ కల్చర్ అనే త్రైమాసికలో గట్టిగా కనిపిస్తాయి. 1927లో నిజాం ప్రభుత్వ ఆదరణతో మొదలైన ఈ ఇంగ్లీషు పత్రికకు తొలి సంపాదకుడు మార్మడ్యూక్ పిక్తాల్, ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన నవలాకారుడు. చరిత్ర, సాహిత్యం, తత్త్వంతోపాటు చట్టానికీ అందులో చోటుండేది. అందులో రాసినవాళ్లలో ముహమ్మద్ హమీదుల్లా దగ్గర కాసేపు ఆగాలి. 1908లో హైదరాబాద్‌లోనే పుట్టి, ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివి, బాన్‌లో, పారిస్‌లో డాక్టరేట్లు చేసి, తిరిగొచ్చి ఉస్మానియాలోనే అంతర్జాతీయ న్యాయం బోధించారు. తొలినాటి ఇస్లామిక రాజ్యాల్లో న్యాయపాలన మీద ఆయన వ్యాసం 1937లో ఈ పత్రికలో వచ్చింది. యుద్ధం, సంధి, తటస్థత లాంటి విషయాల్లో ముస్లిం రాజ్యాలు పాటించిన నియమాలను పరిశీలించిన ‘ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్’ కూడా పుస్తకం కాకముందు ఈ పుటల్లోనే వెలువడింది. అంతర్జాతీయ న్యాయమంటే యూరప్ సొత్తేనని అందరూ అనుకునే రోజుల్లో, హైదరాబాద్ పత్రికలో కూర్చుని ఆ మాట కాదనడం చిన్న పని కాదు. 1948లో ఐక్యరాజ్యసమితికి హైదరాబాద్ పంపిన బృందంలో ఆయనున్నారు. హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత తిరిగి రాలేదు. మిగిలిన జీవితంలో ఎక్కువ భాగం పారిస్‌లో గడిపి 2002లో అమెరికాలో కన్నుమూశారు.

1948 తర్వాత ఉర్దూ తీర్పుల ప్రవాహం ఆగి ఇంగ్లీషు వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 జులై 5న గుంటూరులో హైకోర్టు మొదలైంది. ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. కొత్త కోర్టుకు సొంత తీర్పులు లేవు. మరి వకీళ్లు ఏ పుస్తకం తెరవాలి? ఏఐఆర్ 1955 ఆంధ్ర 87గా నమోదైన సుబ్బారాయుడు కేసులో ఫుల్ బెంచి దీనికి జవాబు చెప్పింది: అంతకుముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులకు తాము కట్టుబడి ఉంటామని. ఆ ఒక్క మాటతో మద్రాస్ లా జర్నల్ పాత సంపుటాలకు గుంటూరులో మళ్లీ గిరాకీ దొరికింది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కోర్టు హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన ఎర్రరాతి భవనంలోకి వచ్చాక చిక్కు రెట్టింపైంది. తెలంగాణ ప్రాంతానికి 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం, ఆంధ్ర ప్రాంతానికి 1956 నాటి వేరే చట్టం. ఒకే బెంచి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి చూడాల్సి వచ్చేది. రెండు ప్రాంతాల తీర్పులూ ఒకచోట దొరికే ఆంధ్రా వీక్లీ రిపోర్టర్, ఆంధ్రా లా టైమ్స్ లాంటివి ప్రతి వకీలు గదిలోకీ చేరడంలో ఆశ్చర్యమేముంది?

అయితే రిపోర్టులు ఎన్ని పెరిగినా ‘ఇది సబబేనా’ అని అడిగే చోటు అలా పెరగలేదు. పశ్చిమాన ఆ చోటు పందొమ్మిదో శతాబ్దిలోనే ఏర్పడింది. ఫ్రెడరిక్ పొలాక్ సంపాదకత్వంలో లా క్వార్టర్లీ రివ్యూ 1885లో ఇంగ్లండులో, హార్వర్డ్ లా రివ్యూ 1887లో అమెరికాలో మొదలయ్యాయి. రెండోదాన్ని నడిపింది విద్యార్థులే, ఇప్పటికీ వాళ్లే. 1890 డిసెంబరులో అందులో సామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు వ్యక్తిగత గోప్యత హక్కు మీద వ్యాసం రాశారు. అప్పటికి ఆ పేరుతో హక్కు లేదు. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు ఆ పాత వ్యాసాన్ని ప్రస్తావించింది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి మనకు పరాయివారు కాదు, ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్‌కు అధ్యక్షత వహించినవారు. వ్యాసానికీ తీర్పుకీ మధ్య 127 ఏళ్లు. జర్నల్ పని అలాంటిది, పంట ఎప్పుడు చేతికొస్తుందో విత్తినవాడికి తెలియదు.

మన దేశంలో ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ జర్నల్ 1958లో దారి తీసింది. 1988లో బెంగళూరు నేషనల్ లా స్కూల్ తొలి తరగతులు మొదలయ్యాక విద్యార్థులే సంపాదకులయ్యే పద్ధతి ఇక్కడికీ వచ్చింది. నల్సార్ అదే బాట పట్టింది. ఆ మధ్య పంజాగుట్టలోని ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయ ప్రచురణ విభాగం మేధోసంపత్తి, సైబర్ చట్టం, బ్యాంకింగ్ చట్టం అంటూ శాఖకో జర్నల్ తెచ్చింది. విద్యార్థి సంపాదకుల పని బయటికి కనిపించదు. రచయిత పేరు తీసేసిన ప్రతిని ఇద్దరు నిపుణులకు పంపాలి. వాళ్లు వద్దంటే మర్యాదగా తిప్పి పంపాలి. ఔనంటే ఒక్కో ఫుట్‌నోటూ తెరిచి, పేజీ అంకె సరిపోయిందా, ఉటంకింపు వక్రీకరణ కాలేదా అని చూడాలి. ఇరవై ఏళ్ల పిల్లలు పెద్ద ప్రొఫెసరు తప్పు దిద్దే అవకాశం మన చదువుల్లో ఇంకెక్కడుంది?

విషయ పరిధి రాజ్యాంగం నుంచి పర్యావరణం, మధ్యవర్తిత్వం, డేటా రక్షణ దాకా విస్తరించింది. దానితోపాటే చెదలూ పట్టింది. ప్రమోషన్‌కు వ్యాసాల లెక్క చూడటం మొదలయ్యాక డబ్బు కడితే వారంలో అచ్చువేసే జర్నళ్లు అన్ని శాస్త్రాల్లోనూ పుట్టాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మోసపూరిత పద్ధతుల మీద 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. అది నడిపినవి ఎక్కువగా వైద్య, విజ్ఞాన పత్రికలే అయినా మచ్చ ఊరికి అంటుకుంది. మంచి జర్నళ్లను వేరుచేయడానికి యూజీసీ కేర్ జాబితా తెచ్చి, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. మంచీ చెడూ తేల్చుకునే పని ఇప్పుడు మళ్లీ విశ్వవిద్యాలయాల మీదే పడింది.

ఇంతా చేస్తే ఈ వందేళ్ల చర్చలో తెలుగు ఎక్కడుంది? 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పిచ్చింది, అధికారిక అవసరాలకు ఇంగ్లీషు ప్రతి జతచేసింది. సుప్రీంకోర్టు తీర్పులు యంత్రానువాదం సాయంతో తెలుగులోకి వస్తున్నాయి. అంటే రిపోర్టుల వంశం మెల్లగా తెలుగు నేర్చుకుంటోంది. విశ్లేషణ మాత్రం నల్సార్‌లో పాఠాలు చెప్పిన మాడభూషి శ్రీధర్ లాంటివాళ్లు దినపత్రికల్లో రాసే కాలమ్‌లతో ఆగిపోతోంది. ఫుట్‌నోటుకు చోటులేని ఆ కాలమ్ ఎంత బాగున్నా జర్నల్ వ్యాసానికి బదులు కాదు.

నల్సార్, ఉస్మానియా, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం కలిసి రెండు పనులు చేయొచ్చు. తమ జర్నళ్లలో వచ్చే ప్రతి వ్యాసానికీ ఒక పేజీ తెలుగు సారాంశం వేయడం మొదటిది. నిజాం కాలపు ఉర్దూ తీర్పుల సంపుటాలను స్కాన్ చేసి, ఉర్దూ చదవగలిగిన తరం ఉండగానే వాటికి తెలుగు, ఇంగ్లీషు సూచికలు తయారుచేయించడం రెండోది. రెండింటికీ పెద్ద నిధులక్కర్లేదు. వచ్చే సంచిక నుంచే మొదలుపెట్టమని సంపాదక మండళ్లను అడగవలసినవాళ్లు ఆ కాలేజీల విద్యార్థులే.