వినేవాళ్ళ వాటా

మనవాళ్ళు కొండ ఎక్కాలంటే పైన దేవుడన్నా వుండాలి, ఆ దేవుడికి మొక్కన్నా వుండాలి. మోకాళ్ళు పట్టుకుంటూ తిరుమల మెట్లెక్కే అమ్మమ్మను "ఎందుకీ అవస్థ?" అని అడిగి చూడండి. ప్రశ్నే అర్థం కానట్టు చూస్తుంది. అలాంటిది గుడీ గోపురం లేని బోడికొండ నెత్తిమీదికి, ఓ చిన్న పెట్టె, ఓ బ్యాటరీ, ఓ చుట్ట తీగ సంచీలో వేసుకుని ఆయాసపడుతూ ఎక్కేవాళ్ళు కూడా ఈ లోకంలో వున్నారు. పైకెళ్ళి ఏం చేస్తారయ్యా అంటే, గెడ పాతి, దానికి ఏరియల్ తీగ కట్టి, "నేను ఫలానా కొండమీద వున్నాను, ఎవరైనా వింటున్నారా?" అని పిలుస్తారు. ఎవరో ఒకరు పలికితే పొంగిపోయి, పుస్తకంలో రాసుకుని, దిగి వచ్చేస్తారు!

వీళ్ళే అమెచ్యూర్ రేడియోవాళ్ళు. ముద్దుపేరు హామ్‌లు. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు పుచ్చుకుని, సరదా కొద్దీ సొంత రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక్కో సంకేతనామం వుంటుంది. మన దేశంలో వాళ్ళవి వి.యు. అనే అక్షరాలతో మొదలవుతాయి. ఇంకో ముచ్చట. వీళ్ళ భాషలో ఆడవాళ్ళెవరైనా సరే, వయసుతో పని లేకుండా "యంగ్ లేడీ"యే. నలభై దాటినదాన్ని, ఆ ఒక్క సంగతితోనే నాకీ జనం మీద సదభిప్రాయం ఏర్పడిపోయింది.

"ఆ మాత్రం మాట్లాడుకోడానికి సెల్‌ఫోను లేదా?" అంటారేమో. నాకూ అలాగే అనిపించింది. కాని బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి, ఏ పిచ్చి కనబడినా దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నాకలవాటు. వెతికితే తేలిందేమిటంటే, రేడియో తొలి అడుగుల్లోనే ఒక కొండ వుంది.

అది 1895. ఇటలీలో బొలోన్యా నగరానికి దగ్గర్లో పొంటెక్కియో అనే పల్లె. అక్కడ విల్లా గ్రిఫోనె అనే పెద్ద ఇంట్లో, ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన మేడగదిలో, 21 ఏళ్ళ కుర్రాడు తీగలూ రేకులూ పెట్టుకుని ఏదో చేస్తుంటాడు. తండ్రికి చిరాకు. తల్లి మాత్రం కొడుకునే వెనకేసుకొచ్చేది. ఆవిడ పేరు ఆనీ జేమ్సన్, ఐర్లండు ఆడపడుచు, సంగీతం కోసం ఇటలీ వచ్చి అక్కడే ఇల్లాలైంది. ఆ కుర్రాడే గుగ్లియెల్మో మార్కోనీ.

ముందు గదిలో ఈ మూల మీట నొక్కితే ఆ మూల గంట మోగింది. తర్వాత ప్రయోగం తోటలోకి నడిచింది. మార్కోనీ ఇంటి దగ్గర మీట నొక్కుతాడు. అన్న అల్ఫోన్సో, తమ్ముడికన్నా తొమ్మిదేళ్ళు పెద్ద, వినే పెట్టె పట్టుకుని దూరంగా నిలబడి, సంకేతం అందగానే చేతిరుమాలు ఊపుతాడు. బాగానే వుంది. కాని ఎదురుగా సెలెస్తీని అనే కొండ. దాని అవతలికి కూడా అందుతుందా? అందినా, అవతల ఊపే రుమాలు ఇవతలికి కనబడదు కదా! అందుకని అల్ఫోన్సో ఈసారి తుపాకీ తీసుకుని బయల్దేరాడు. పెట్టె మోసే పనివాళ్ళతో కొండ దాటాడు. ఇవతల తమ్ముడు మీట నొక్కాడు. కాసేపటికి కొండ వెనకనుంచి ఢామ్మని తుపాకీ చప్పుడు.

ఆ చప్పుడే లేకపోతే ఆ కుర్రాడు నొక్కిన మీట వట్టి మీటే. మార్కోనీకి 1909లో జర్మనీ శాస్త్రవేత్త బ్రౌన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరు మన పిల్లల పుస్తకాల్లో వుంది. కొండ దాటి విని, "అందింది" అని చెప్పిన అన్నగారి పేరు ఎంతమందికి తెలుసు?

ఆరేళ్ళ తర్వాత మార్కోనీయే కొండెక్కాడు. వినడానికి! అట్లాంటిక్ మహాసముద్రానికి ఈ ఒడ్డున, ఇంగ్లండులోని పోల్డ్యూలో, మనుషులు మీట నొక్కుతుంటారు. ఆ ఒడ్డున, న్యూఫౌండ్‌లాండులోని సిగ్నల్ హిల్ అనే కొండమీద, గాలివానలో గాలిపటం ఎగరేసి, దాని తీగనే ఏరియల్‌గా చేసుకుని ఆయన చెవికి రిసీవరు ఆనించుకుని కూర్చున్నాడు. 1901 డిసెంబరు 12న మూడు చిన్న టిక్కులు వినబడ్డాయి. మోర్సు భాషలో 'ఎస్' అక్షరం. రిసీవరు తన సహాయకుడు కెంప్‌కి ఇచ్చాడు. ఆయనా విన్నానన్నాడు. అంతే, ఇంకే దాఖలా లేదు. నిజంగా విన్నారా, భ్రమా అని శాస్త్రజ్ఞులు తర్వాత కూడా వాదించుకున్నారు. ఇంత పెద్ద చరిత్రకు సాక్ష్యం రెండు జతల చెవులు!

ఇక మళ్ళీ మన బోడికొండలవాళ్ళ దగ్గరికి వద్దాం. 2002 మార్చి 2న బ్రిటన్‌లో హామ్‌లు "సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్" అనే ఆట మొదలుపెట్టారు. తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది. నియమాలు భలేగా వుంటాయి. కారులో కూర్చుని మాట్లాడితే చెల్లదు. సామాను మనిషే మోసుకెళ్ళాలి. పెట్రోలు, డీజిలు పోసి నడిపే జనరేటరు పనికిరాదు. చాలామంది వాడేది అయిదు వాట్లే. పాతకాలంలో మన పడగ్గదిలో వెలిగిన జీరో బల్బు అంతకన్నా ఎక్కువ కరెంటు తినేది. అయినా మేడమీంచి పిలిస్తే వీధి చివరిదాకా వినబడినట్టు, ఆ చిన్న పెట్టె కేక కొండమీంచి చాలా దూరం పోతుంది.

అసలు విశేషం మార్కుల దగ్గర వుంది. శిఖరం ఎక్కినంత మాత్రాన ఒక్క మార్కూ రాదు. కనీసం నలుగురు జవాబు చెప్పాలి. అంతేకాదు, ఇంట్లో కూర్చుని జవాబు చెప్పినవాళ్ళకూ ఆ శిఖరం మార్కులు పడతాయి! ఎక్కి వెయ్యి మార్కులు తెచ్చుకుంటే "మౌంటెన్ గోట్", అంటే కొండమేక. విని వెయ్యి తెచ్చుకుంటే "షాక్ స్లాత్", అంటే గది వదలని బద్ధకపు జంతువు. బిరుదు హాస్యానికే అయినా లెక్క మాత్రం న్యాయమైనది. అల్ఫోన్సోకి చరిత్ర ఇవ్వని వాటాను ఈ ఆట ఇచ్చింది.

ఇది ఉత్త ఆటే అనుకోకండి. కరెంటు లేని చోట తీగ కట్టి, బ్యాటరీతో మాట కలపడం రేపటి ఆపదకు తాలీము. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ అనే ఆవిడ తన బృందంతో అండమాన్ వెళ్ళింది. వెళ్ళింది సరదా సంభాషణలకే. 26వ తేదీన సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. సరదా కోసం పెట్టిన రేడియోలే దీవుల కబురు బయటికి చేరవేశాయి. తమవాళ్ళు బతికున్నారో లేదోనని తల్లడిల్లే కుటుంబాలకు క్షేమసమాచారాలు అందాయి. అక్కడ ఆవిడ పిలిచింది సరే, ఇక్కడ నిద్ర మానుకుని విన్నవాళ్ళు లేకపోతే ఆ పిలుపు సముద్రంలోనే కలిసిపోయేది.

నవలలు రాసేదాన్ని కనుక నాకీ లెక్క బాగా తెలుసు. రాత్రిళ్ళు కూర్చుని మూడువందల పేజీలు రాసి పంపిస్తాను. ఎక్కడో ఓ ఊళ్ళో ఒకావిడ, పొయ్యిమీద పప్పు మాడుతున్నా చదివి, "మీ సుశీల అలా ఎందుకు చేసిందండీ?" అని నిలదీస్తుంది. అప్పటిదాకా నాది సగం నవలే.

మన ఇళ్ళల్లో ఆ రెండో సగం పని ఎక్కువగా చేసేది ఆడవాళ్ళే. ఆఫీసు కష్టాలు వినేది మనం, పిల్లల పరీక్ష భయాలు వినేది మనం, అత్తగారి కాళ్ళ నొప్పులు వినేదీ మనమే. ఎవరైనా "నువ్వేం చేశావు, ఊరికే కూర్చుని విన్నావు, అంతేగా?" అంటే కోపం తెచ్చుకోకండి. వాళ్ళను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అల్ఫోన్సో తుపాకీ కథ చెప్పండి.