సోఫియా ములనోవిచ్: పెరూ సర్ఫింగ్ చరిత్రలో ఒక అధ్యాయం

క్రీడల చరిత్రలో ‘చిన్న దేశం’ అనే మాట మీకు తరచుగా కనిపిస్తుంది. కాని దేనిలో చిన్న? జనాభాలోనా, తీరం పొడవులోనా, లేక ఆ క్రీడ చుట్టూ తిరిగే డబ్బులోనా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని పెరూ క్రీడాకారిణి సోఫియా ములనోవిచ్ జీవితాన్ని పరిశీలించండి.

సముద్రపు అల విరుగుతూ ఒడ్డుకు వచ్చేటప్పుడు పలక మీద నిలబడి దాని వాలు వెంట జారుతూ సాగడమే సర్ఫింగ్. ఈ క్రీడలో పెరూకు లోటేమీ లేదు. దక్షిణ మహాసముద్రంలో పుట్టిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి ఆ తీరాన్ని తాకుతాయి. ఉత్తర తీరంలోని వాంచాకో జాలరులు తొతోరా అనే రెల్లుతో కట్టిన పడవ మీద గుర్రం ఎక్కినట్లు కూర్చుని, అల మీదుగా ఒడ్డుకు చేరతారు. మోచే నాగరికతకు చెందిన మట్టిపాత్రల మీద కూడా ఇటువంటి పడవల బొమ్మలు ఉన్నాయి. దీనిని బట్టి సర్ఫింగ్ పెరూలోనే పుట్టిందని కొందరు వాదిస్తారు. నేను అంత దూరం పోను. మన తీరంలో తెప్ప మీద వేట ముగించుకొని తిరిగివచ్చే మత్స్యకారుడు కూడా అలను వాడుకుంటాడు, అది బతుకుతెరువు. దానిని క్రీడ అనడానికి వేరే ఆధారం కావాలి.

ఆధునిక సర్ఫింగ్ పెరూలో సంపన్నుల క్రీడగా మొదలైంది. హవాయిలో దానిని నేర్చుకున్న కార్లోస్ దోగ్నీ 1942లో లీమా నగరంలో వైకీకీ క్లబ్బును స్థాపించాడు. 1965లో లీమాకు దక్షిణాన ఉన్న పుంటా రోకాస్‌లో జరిగిన ప్రపంచ పోటీలో పెరూకే చెందిన ఫెలిపె పోమర్ విజేత అయ్యాడు.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. పోమర్ విజయానికీ ములనోవిచ్ విజయానికీ మధ్య 39 ఏళ్ల ఎడం ఉంది. ఈ కాలంలో పెరూ అలలు మారలేదు. మారినది క్రీడ నడిచే తీరు. 1970ల మధ్యలో సర్ఫింగ్ వృత్తి క్రీడగా మారి, దేశదేశాలు తిరిగే పోటీల టూర్ ఏర్పడింది. పలకలు, దుస్తులు తయారుచేసి క్రీడాకారులకు డబ్బిచ్చే కంపెనీలకు ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా, హవాయి కేంద్రాలయ్యాయి. లీమా యువతికి ప్రతి పోటీ ఒక సుదీర్ఘ విమాన ప్రయాణం. టిక్కెట్టు డబ్బు ముందుగా చూసుకోవలసిన పని. పైగా మహిళల బహుమతి సొమ్ము పురుషుల కంటే తక్కువ. టూర్ నిర్వాహకులు ఇద్దరికీ సమాన బహుమతి ఇవ్వడం 2019లో గాని మొదలు కాలేదు.

ములనోవిచ్ 1983లో లీమాలో జన్మించారు. ఇంటిపేరు క్రొయేషియా మూలాలను సూచిస్తుంది. పుంటా ఎర్మోసా తీరంలో, పోమర్ గెలిచిన చోటికి సమీపంలోనే, చిన్ననాడే పలక ఎక్కారు. ఆమె ప్రధాన టూర్‌లో అడుగుపెట్టేనాటికి ఆస్ట్రేలియాకు చెందిన లేన్ బీచ్‌లీ ఆధిపత్యం సాగుతోంది. 1998 నుంచి 2003 వరకు ఆరేళ్లూ కిరీటం ఆమెదే. 2004లో ఆ వరుసను తెంచినది 21 ఏళ్ల ములనోవిచ్. ఆ టూర్‌లో దక్షిణ అమెరికాకు దక్కిన తొలి ప్రపంచ కిరీటం అదే. పెద్ద తీరమూ వేలాది సర్ఫర్లూ ఉన్న బ్రెజిల్ పురుషులు 2014 వరకు దానిని అందుకోలేకపోయారు.

ఆమె మళ్లీ ఆ కిరీటం గెలవలేదు. ఒకే విజయంతో ముగిసిన కథగా దీనిని కొట్టివేయడం తొందరపాటు. టూర్‌కు దూరమైన చాలా ఏళ్లకు, 2019లో, జపాన్‌లోని మియజాకిలో జరిగిన ప్రపంచ సర్ఫింగ్ క్రీడల్లో 36 ఏళ్ల వయసులో ఆమె స్వర్ణం సాధించారు. అదే ఏడాది పాన్ అమెరికన్ క్రీడల్లో సర్ఫింగ్‌ను తొలిసారి చేర్చినప్పుడు పోటీలు జరిగినది పుంటా రోకాస్‌లోనే. అక్కడ మహిళల స్వర్ణం పెరూ యువతి డానియెల్లా రోసాస్‌కు దక్కింది. సర్ఫింగ్ ఒలింపిక్స్‌లోకి ప్రవేశించిన టోక్యో క్రీడలు కరోనా వల్ల 2021లో జరిగాయి. పెరూ తరఫున మహిళల పోటీలో పాల్గొన్న ఇద్దరు ఎవరంటే, ఇంకా ఇరవై ఏళ్లు నిండని రోసాస్, 38 ఏళ్ల ములనోవిచ్. ఇద్దరికీ పతకం రాలేదు.