కొజిమా ఇకెన్

కొజిమా ఇకెన్ (1837–1908) మెయిజీ కాలపు జపాన్ న్యాయమూర్తి. నాటి అత్యున్నత న్యాయస్థానమైన దైషిన్-ఇన్‌కు అధ్యక్షుడు. 1891లో ఓత్సు కేసులో ప్రభుత్వ ఒత్తిడికి తలొగ్గనందుకు జపాన్‌లో ఆయన్ను చట్టాన్ని కాచిన దైవమని కొనియాడారు. ఆ కీర్తి అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. న్యాయస్థానాన్ని మంత్రుల నుంచి కాపాడినవాడు ఆయనే. ఆ న్యాయస్థానంలోని న్యాయమూర్తులను తమంతట తాము తేల్చుకోనివ్వనివాడూ ఆయనే. ఈ రెంటినీ కలిపి చూస్తేనే ఆయన వ్యక్తిత్వం అర్థమవుతుంది.

షికోకు దీవిలోని ఉవాజిమా సంస్థానంలో సమురాయ్ కుటుంబంలో పుట్టిన కొజిమా, షోగునేట్ పతనానంతరం 1871లో న్యాయశాఖలో చేరి ఒసాకా అప్పీలు న్యాయస్థాన అధ్యక్షుడి దాకా ఎదిగాడు. 1891 మే 6న దైషిన్-ఇన్ పగ్గాలు చేపట్టాడు. ఐదు రోజులకే, ఓత్సు పట్టణంలో త్సుదా సాన్‌జో అనే పోలీసు, పర్యటనకు వచ్చిన రష్యా యువరాజు నికొలాస్‌పై కత్తి దూసి గాయపరిచాడు. రష్యా పగబడుతుందని హడలిపోయిన ప్రధాని మత్సుకాతా మంత్రివర్గం నిందితుడికి మరణశిక్ష పడాలని పట్టుబట్టింది. అందుకు దొరికిన ఆధారం శిక్షాస్మృతి 116వ నిబంధన. అది జపాన్ చక్రవర్తి కుటుంబంపై నేరాలకు ఉద్దేశించినదే తప్ప విదేశీ యువరాజుకు వర్తించదని కొజిమా వాదం. మే 27న ఏడుగురు సభ్యుల ధర్మాసనం సాధారణ హత్యాయత్నంగానే పరిగణించి, ఆ నేరానికి గరిష్ఠ శిక్షయిన యావజ్జీవ కఠిన కారాగారవాసం విధించింది.

దీన్నిబట్టి కొజిమాను ఉదారవాదిగా ఊహించుకోవడం పొరపాటు. ఆయనది దేశాభిమానం నిండిన చట్టనిష్ఠ. పాశ్చాత్య దేశాలు తమ పౌరులను జపాన్ కోర్టులకు అప్పగించకుండా అసమాన ఒప్పందాలతో అడ్డుపడుతున్న రోజులవి. భయపడి చట్టాన్ని వంచితే ఆ కోర్టులను నమ్మలేమన్న విదేశీయుల మాటకు మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుందని ఆయన తర్కం. రాజ్యం నిలిస్తేనే చట్టమన్నది ప్రభుత్వ వైఖరి కాగా, చట్టం నిలిస్తేనే రాజ్యానికి గౌరవమన్నది కొజిమా వైఖరి. ఇద్దరి గురీ రాజ్య ప్రయోజనమే; దారులే వేరు.

ఆయన చేసిన పనిపై రెండు బలమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది: ధర్మాసనంలో కొజిమా సభ్యుడు కాడు. అయినా ఓత్సుకు వెళ్లి న్యాయమూర్తులను ఒక్కొక్కరినే ఒప్పించాడు. రెండోది: దైషిన్-ఇన్ తొలి విచారణ జరపగలిగేది రాజకుటుంబంపై నేరాలు, రాజద్రోహం వంటి ప్రత్యేక కేసులనే. ఇది మామూలు హత్యాయత్నమే అయితే తీర్పు చెప్పే అధికారం ఆ ధర్మాసనానికి ఎక్కడిది? మంత్రులు ముందే న్యాయమూర్తులను పిలిపించుకొని మాట్లాడారు కనుక, కొజిమా మౌనంగా ఉంటే తీర్పు ప్రభుత్వం కోరినట్టే వచ్చేదని సమర్థకులు అంటారు. ఆ మాటలో బలముంది. అయితే అది ఆయన చర్య అవసరాన్ని చూపుతుందే గానీ, పద్ధతి సరైనదని నిరూపించదు. పైగా తెరవెనుక సంభాషణల గురించి మనకు తెలిసింది చాలావరకు కొజిమా స్వయంగా రాసుకున్న వృత్తాంతం నుంచే.

తీర్పు తర్వాత రష్యా యుద్ధానికి దిగలేదు. విదేశాంగ, హోం, న్యాయ మంత్రులు పదవులు వదిలారు. 1892లో న్యాయమూర్తులు పేకాటలో పందేలు కాశారన్న ఆరోపణలో కొజిమా పేరు వినబడింది. క్రమశిక్షణ విచారణలో సాక్ష్యం చాలక కేసు వీగిపోయినా ఆయన రాజీనామా చేశాడు. ఆపైన పార్లమెంటులో సభ్యుడయ్యాడు.

1947లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ప్రతి న్యాయమూర్తీ తన అంతరాత్మకు, రాజ్యాంగానికి, చట్టానికి మాత్రమే కట్టుబడాలని 76వ అధికరణంలో చెప్పింది. 1969లో నాగనుమా క్షిపణి స్థావరం కేసు విచారిస్తున్న న్యాయమూర్తికి సప్పోరో జిల్లా కోర్టు అధ్యక్షుడు తన అభిప్రాయం లేఖగా పంపితే, ఆ కోర్టు న్యాయమూర్తుల సభ ఆయన్ను తీవ్రంగా హెచ్చరించింది. కింది న్యాయమూర్తికి పైవాడు దారి చూపడమన్న పని రెండుచోట్లా ఒకటే. కొజిమాకు అదే కీర్తి తెచ్చింది. ప్రభుత్వాన్ని ఎదిరించిన ధైర్యానికి ఆయన ఆదర్శమే. న్యాయస్థానాన్ని నడిపే పద్ధతికి మాత్రం కాదు.